పాత బెంజిలో మైసూరు దాకా

జనవరి 21, బుధవారం: హైదరాబాద్

బయలుదేరే ముందురోజు మావయ్యగారిని చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లాను. అక్కడ పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన బండి. అది తయారై వచ్చేలోపు, 1911లో, ఆయన కన్నుమూశారు. ఏడో నిజాం చేతికొచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. వందేళ్లు దాటినా అది తిరిగింది కొన్ని వందల మైళ్లేనట. మావయ్యగారు దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి, చక్రాల దగ్గర ఒంగి చూసి, "పాపం, దీన్ని ఎవరూ సరిగ్గా నడపలేదండీ అల్లుడుగారూ" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

మావయ్యగారు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయన విజయవాడ డిపోలో చేరిన కొత్తలో ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉన్న బస్సులు ఇంకా తిరుగుతుండేవి. టాటా వాళ్లకీ జర్మనీ డైమ్లర్ బెంజ్‌కీ 1954లో ఒప్పందం కుదిరింది. 1969 దాకా మన లారీలు, బస్సుల మీద టాటా మెర్సిడెస్ బెంజ్ అనే ఉండేది. అంటే బెంజి అనగానే మనకి షావుకారు కారు గుర్తొస్తుంది గానీ, మావయ్యగారికి మాత్రం మసిపట్టిన డిపో, స్పానర్లు, తెల్లారుజామున స్టార్ట్ చేయాల్సిన బస్సులు గుర్తొస్తాయి. ఈ ప్రయాణానికి ఆయన్నే ఎందుకు రమ్మన్నానంటే కారణం అదే.

మా బండి 1974 నాటి మెర్సిడెస్ 240డి. కంపెనీ వాళ్ల లెక్కలో డబ్ల్యూ 115. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 65 గుర్రాల శక్తి, దాదాపు 1,400 కిలోల బరువు. రంగు లేత దంతపు తెలుపు. జర్మనీలో 1971 నుంచి టాక్సీలకి వేసింది ఈ రంగే, ఆ టాక్సీల్లో చాలా భాగం ఈ మోడలే. అక్కడ అద్దెకి తిరిగిన బండి మన దేశంలో రాయబారుల కారయింది. వాళ్లు దేశం వదిలి వెళ్లేటప్పుడు కార్లను ప్రభుత్వ వ్యాపార సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌కి అప్పగించేవారు, అది వేలం వేసేది. అలాంటి వేలంలోనే గుంటూరు దగ్గర ఒక డాక్టరుగారు దీన్ని కొన్నారు. ఆయన పోయాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ఉండిపోయింది.

నాలుగు లక్షలకి తీసుకుని, లారీ మీద విజయవాడ ఆటోనగర్ చేర్చాం. ఆ తర్వాత పెట్టింది పదకొండు లక్షలు దాటింది. మా ఆవిడ రాసిన నోట్‌బుక్‌లో ప్రతి బిల్లూ ఉంది. అందులో సగానికి పైగా బాడీకే. తలుపుల కింది సిల్స్, జాకీ పెట్టే చోట్లు, ముందు మడ్‌గార్డుల్లో హెడ్‌లైట్ల వెనక భాగం పూర్తిగా తుప్పు తినేసింది. టింకరింగ్ మేస్త్రి తుప్పు పట్టిన చోటల్లా కోసేసి, కొత్త రేకు తెచ్చి, చెక్క సుత్తితో వంపులు తీసి అతికాడు. ముందు అట్టముక్కతో అచ్చు తీసుకుని, దాన్ని బండికి ఆనించి చూసి, మళ్లీ కత్తిరించి, అప్పుడు గానీ రేకు ముట్టుకునేవాడు కాదు. పుట్టీతో పూడ్చి రంగేసెయ్యడం గంటల పని. ఈయన చేసింది నెలల పని. సీట్లు విప్పితే స్ప్రింగుల మీద రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు కనిపించింది. స్పాంజి పెట్టమని చాలామంది చెప్పారు. మేం మళ్లీ కొబ్బరిపీచే వేయించాం. ఆ సీటులో రోజంతా కూర్చున్నా నడుం నొప్పి రాదు.

అద్దాల చుట్టూ ఉండే రబ్బర్లు మాత్రం జర్మనీ నుంచి తెప్పించక తప్పలేదు. పాత మోడళ్లకి మెర్సిడెస్ ఇప్పటికీ భాగాలు అమ్ముతుంది, పార్ట్ నంబరు చెబితే చాలు. కాకపోతే ధరకి తోడు కస్టమ్స్ కూడా గట్టిగానే పడింది. ఇంజిన్ సంగతి వేరు. దాని కథ అనంతపురం దగ్గర వస్తుంది.

కాగితాల గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. 50 ఏళ్లు దాటిన బండిని 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలొస్తాయి. కానీ అలా చేయిస్తే ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతుకి, డీజిల్ పోయించుకోవడానికి తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. నేను పాత మూడక్షరాల ఏపీ నంబరే ఉంచుకుని రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకున్నాను. నడపడానికే కదా బాగు చేయించింది.

జనవరి 22, గురువారం: కర్నూలు

ఈ బండి తాళం తిప్పితే స్టార్ట్ కాదు. తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీదున్న నాబ్ సగం లాగి పట్టుకోవాలి. పక్కనే చిన్న జాలీ లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. అది మెల్లగా ఎర్రబడుతుంది. సిలిండర్లలో హీటర్ ప్లగ్గులు వేడెక్కాయని దానర్థం. చలికాలం తెల్లవారుజామున దాదాపు నిమిషం పడుతుంది. అప్పుడు నాబ్ పూర్తిగా లాగితే సెల్ఫ్ తిరిగి ఇంజిన్ అందుకుంటుంది. ఆ నిమిషంలో ఇంకేం చేయడానికీ ఉండదు, ఆ ఎర్రటి చుట్టని చూస్తూ కూర్చోవాలి. నాకది చాలా ఇష్టం.

చీకటితోనే ఆరాంఘర్ దాటి శంషాబాద్ మీదుగా హైవే ఎక్కాం. డెబ్బై దగ్గర బండి హాయిగా ఉంటుంది. ఎనభై దాటితే చప్పుడు పెరుగుతుంది తప్ప ప్రయాణం బాగుపడదు. ఎడమ లైన్‌లో వెళ్తుంటే లారీలు కూడా దాటిపోయాయి. దాటేవాళ్లు ఊరికే పోరు. కిటికీ దించి ఫోన్ బయటికి పెట్టి వీడియో తీస్తూ పక్కనే వస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఎదర ఏముందో చూడరు. షాద్‌నగర్ దగ్గర ఒక కుర్రాడు బైకు మీద ఒంటిచేత్తో తీస్తూ చాలా దూరం వచ్చాడు. మావయ్యగారు బండి పక్కకి ఆపించి, అతన్ని పిలిచి, "తీసుకో బాబూ, తీరిగ్గా తీసుకో" అని బానెట్ ఎత్తి చూపించారు. ఆ తర్వాత అలా ఎవరు వెంటపడినా మేం చేసిందదే. టైము పట్టినా మనసు స్థిమితంగా ఉంది.

డీజిల్ బంకులో కుర్రాడు పెట్రోల్ గన్ను తెచ్చేశాడు. పాత కారంటే పెట్రోలే అనుకుంటారు అందరూ. ఇలాంటి బండి ఉన్నవాళ్లు బంకులో సీట్లో కూర్చుని ఉండకూడదు, దిగి మూత దగ్గర నిలబడాలి.

దారిలో మావయ్యగారికి గ్రీసు టాక్సీ సంగతి చెప్పాను. గ్రిగోరియోస్ సహినిదిస్ అనే డ్రైవర్ ఇదే మోడల్ 240డి, 1976 నాటి బండి, టాక్సీగా 46 లక్షల కిలోమీటర్లు తిప్పాడు. 2004లో దాన్ని మెర్సిడెస్ మ్యూజియానికి ఇచ్చాడు. మావయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంజిన్లు మార్చి ఉంటాడు" అన్నారు. మార్చాడు, చాలాసార్లు మార్చాడు అన్నాను. "మార్చాలి మరి. మార్చబట్టే బండి బతికింది" అన్నారు. నిన్న చూసిన రోల్స్‌రాయిస్ రోడ్డెక్కిందే తక్కువ. ఈ టాక్సీలో ఎన్ని మారాయో లెక్కలేదు. నా ఓటు టాక్సీకే.

బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టి, అలంపూర్ చౌరస్తా మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర బండి ఆపితే పావుగంటలో పెద్ద గుంపు చేరింది. కర్నూలు వాళ్లలో నాకు నచ్చిందేమిటంటే, అడగకుండా బండి మీద చెయ్యి వేయలేదు. ఒక పెద్దావిడ మనవణ్ని ఎత్తుకుని వచ్చి, "ముట్టుకోవచ్చునా నాయనా?" అని అడిగి, వాడి అరచెయ్యి మాత్రం బానెట్ మీద ఆనించి తీసేసింది.

రాత్రి జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు, చెనక్కాయల పొడి. రొట్టె చేత్తో తట్టి, పెనం మీద తడిగుడ్డ అద్ది కాలుస్తోంది హోటలు యజమాని భార్య. మావయ్యగారు కృష్ణా జిల్లా మనిషి, అన్నం లేనిదే పూట గడవదు. ఆయనే మూడో రొట్టె అడిగారు. ఇద్దరికీ కలిపి నాలుగువందల ఇరవై అయింది.

జనవరి 23, శుక్రవారం: గుత్తి, అనంతపురం

పొద్దున ఉగ్గాని బజ్జీ. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిపాయ, పప్పుల పొడి, నిమ్మకాయ, పక్కన మిరపకాయ బజ్జీ. హైదరాబాద్‌లో అదే పేరుతో అమ్మేదాన్ని ఇది తిన్నాక తినబుద్ధి కాదు. అక్కడ బొరుగులు మెత్తగా ముద్దయిపోతాయి. ఇక్కడ తడిసీ తడవనట్టు విడివిడిగా ఉంటాయి.

డోన్ దాటాక రోడ్డు మెల్లగా ఎత్తెక్కుతుంది. నాలుగో గేరులో బండి బరువుగా మూలిగితే మూడులోకి దించాను. నీళ్ల వేడి చూపించే ముల్లు ఎనభై దాటి కొంచెం కదిలింది, మళ్లీ అక్కడే నిలిచింది. ఆయిల్ ప్రెషర్ ముల్లు మూడు మీద ఉంది. ఈ బండి నడిపేవాడి కన్ను సగం రోడ్డు మీద, సగం ఈ రెండు ముళ్ల మీదే. కొత్త కార్లలో ఏదో చెడిపోయాక ఎర్రదీపం వెలుగుతుంది. ఇక్కడ చెడబోతున్న సంగతి ముందే తెలుస్తుంది.

గుత్తి కోటకి నేనొక్కణ్నే ఎక్కాను. మద్రాసు గవర్నరుగా ఉండి 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రోని మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. కిందకి దిగేసరికి మావయ్యగారు టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్ల మధ్య కూర్చుని ఉన్నారు. బానెట్ తెరిచి ఉంది. ఒకాయన చెవికి స్క్రూడ్రైవర్ పిడి ఆనించి, కొస ఇంజిన్ మీద పెట్టి వింటున్నాడు. "ట్యాపెట్లు బాగున్నాయంటున్నారండీ" అని చెప్పారు మావయ్యగారు, కట్నం లేకుండా పిల్ల పెళ్లి కుదిరినంత సంతోషంగా.

అనంతపురంలో రాత్రి ఓళిగలు, అంటే మన బొబ్బట్లే. వేడి పెనం మీంచి తీసి, పైన నెయ్యి వేసి, కాగితంలో పెట్టి ఇస్తారు. మావయ్యగారికి షుగర్ ఉంది కాబట్టి సగం ఆయనకి, ఒకటిన్నర నాకు.

జనవరి 24, శనివారం: అనంతపురం, లేపాక్షి, బెంగళూరు

తెల్లారి నాబ్ లాగితే తీగచుట్ట ఎర్రబడలేదు.

మళ్లీ లాగి పట్టుకున్నాను, అంతే. పూర్తిగా లాగితే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. వెనక గొట్టం నుంచి కాలని డీజిల్ పొగ తెల్లగా వస్తోంది. నాకు టెన్షన్ మొదలైంది. మావయ్యగారు మాత్రం, "ఇంక సెల్ఫ్ కొట్టకండి, బ్యాటరీ దిగిపోతుంది" అని దిగి, బానెట్ తెరిచి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

ఆ వీధి చివర ఊళ్లకి వెళ్లే తుఫాన్ బండ్ల స్టాండు ఉంది. పెళ్లిళ్లకీ, తిరుపతి మొక్కులకీ, పొలం పనులకీ రాయలసీమలో జనం ఎక్కేది ఆ తుఫాన్లే. ఇద్దరు డ్రైవర్లు టీ గ్లాసులతో నడిచొచ్చారు. అందులో పెద్దాయన బానెట్‌లోకి తొంగి చూసి, గ్లాసు కిందపెట్టేసి, "ఇది మా పాత తుఫాన్ ఇంజినే గదా పెద్దాయనా!" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా బండిలో ఉన్నది ఓఎం 616 అనే ఇంజిన్. 1980లలో బజాజ్ టెంపో వాళ్లు మెర్సిడెస్ దగ్గర లైసెన్సు తీసుకుని దాన్ని ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టారు. ట్రావెలర్ వ్యాన్లలో, ట్రాక్స్ జీపుల్లో అదే ఇంజిన్ వేశారు. ఆ కంపెనీయే తర్వాత ఫోర్స్ మోటార్స్ అయింది, ట్రాక్స్‌లో ఒక రకమే తుఫాన్. అందుకే ఆటోనగర్‌లో మా ఇంజిన్ విప్పినప్పుడు రింగులు, గ్యాస్కెట్లు, బేరింగుల కోసం జర్మనీ వైపు చూడాల్సిన పని పడలేదు. చాలా భాగాలు ట్రాక్స్ సామాను అమ్మే కొట్లోనే దొరికాయి, కొలతలు సరిచూసి వేసుకున్నాం. బాడీకి లక్షలైతే ఇంజిన్ పని దాంట్లో నాలుగోవంతుతో అయిపోయింది. ఖరీదైన పాత కారుని మన దేశంలో బతికిస్తున్నది సంపన్నుల గ్యారేజీలని నేననుకోను. ఇరవైమందిని ఎక్కించుకుని మట్టిరోడ్ల మీద తిరిగిన జీపులు ఈ ఇంజిన్‌ని ప్రతి ఊరి మెకానిక్‌కీ నేర్పాయి. ఆ చదువే మాలాంటివాళ్లని రోడ్డు మీద నిలబెడుతోంది.

తుఫాన్ డ్రైవర్ ఫోన్ చేస్తే పది నిమిషాల్లో ఒక ఎలక్ట్రీషియన్ స్కూటర్ మీద వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ముందు మావయ్యగారికి దణ్ణం పెట్టి, "మీరేం సూసినారు?" అని అడిగాడు. పెద్దవాళ్లు అప్పటికే పట్టుకున్న పనిలో నేరుగా చెయ్యి పెట్టకపోవడం ఆ వీధి మర్యాద.

సంగతి ఏమిటంటే, ఈ మోడల్లో నాలుగు హీటర్ ప్లగ్గులూ వరసగా ఒకదానిలోంచి ఒకదానికి కరెంటు వెళ్లేలా ఉంటాయి. పండక్కి కట్టే సీరియల్ బల్బుల దండలాగే, ఒక్కటి పోతే అన్నీ పోతాయి. డ్యాష్‌బోర్డు మీది తీగచుట్ట కూడా ఆ వరసలోదే, అందుకే అది వెలగలేదు. అతను టెస్ట్ ల్యాంప్ వైరు ఒక కొస బాడీకి ఎర్త్ చేసి, నన్ను నాబ్ లాగి పట్టుకోమని, రెండో కొస ఒక్కో ప్లగ్గు మీద ఆనించుకుంటూ వచ్చాడు. మొదటిదాని దగ్గర బల్బు వెలిగింది. రెండోదాని దగ్గరా వెలిగింది. మూడోదాని ఇవతల వెలిగింది, అవతల వెలగలేదు. "దొరికింది" అన్నాడు.

తుఫాన్ ప్లగ్గు పెడదామా అని డ్రైవర్ అడిగితే అతనే వద్దన్నాడు. కొత్త రకం ప్లగ్గు సన్నంగా పెన్సిల్‌లా ఉంటుంది, మర సైజు వేరు, కనెక్షన్ వేరు. మాది లావుగా, కొసన తీగ ఉంగరంలా వంగి ఉండే పాత రకం. అతను స్కూటర్ డిక్కీలోంచి లావు రాగితీగ తీసి, వేలెడంత కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది మెరిపించి, చచ్చిపోయిన ప్లగ్గు రెండు కొసలనీ కలిపేశాడు. అంటే దాన్ని వదిలేసి మిగతా మూడింటికీ కరెంటు పోతుంది. నాబ్ లాగాను. తీగచుట్ట ఎప్పటికన్నా ఎక్కువ ఎర్రగా, దాదాపు నారింజ రంగులో వెలిగింది. ఒక ప్లగ్గు తగ్గింది కాబట్టి మిగతావాటి మీద కరెంటు ఎక్కువ పడుతుంది. "శానాసేపు పట్టద్దండి సార్" అని హెచ్చరించాడు. పూర్తిగా లాగేసరికి ఇంజిన్ మూడు సిలిండర్ల మీద బండంతా కుదిపేస్తూ అందుకుంది. ఏడెనిమిది క్షణాలకి నాలుగోది కూడా కలిసి, కుదుపు ఆగింది, పొగ పల్చబడింది. స్టాండులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఎంతివ్వాలంటే రెండొందలన్నాడు. ఐదొందల నోటిస్తే మూడొందలు తిరిగి నా చేతిలో పెట్టి, "అంత పనేముండాది సార్ దీంట్లో" అన్నాడు. బెంగళూరులో జేసీ రోడ్డుకి వెళ్లి పాత సామాను కొట్లలో అడగమని చెప్పింది కూడా అతనే.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ముందు నుంచి వెళ్తుంటే కొత్త కార్లు నింపుకున్న పెద్ద ట్రైలర్లు బయటికొస్తున్నాయి. 2019లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఇంకో యాభై ఏళ్లకి ఆ కార్లలో ఒకదాన్ని ఎవరైనా రాగితీగతో స్టార్ట్ చేయగలరా అని మావయ్యగారిని అడిగాను. "చేసేవాడు అప్పుడూ ఉంటాడండీ. వాడి చేతిలో ఇంకేదో ఉంటుంది" అన్నారు. నాకంత నమ్మకం లేదు. కంప్యూటర్ చిప్పు పోతే దాన్ని వంచి చేసే మేస్త్రి ఉండడు.

లేపాక్షి నంది ముందు ఇంజిన్ ఆపడానికి భయమేసినా ఆపాం. వేడిగా ఉంటే ఈ ఇంజిన్‌కి హీటర్ అక్కర్లేదు. వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ జార్చి అందరూ చూసినట్టే మేమూ చూశాం. హైవేకి తిరిగి వచ్చేటప్పుడు ఫోన్‌లోని మ్యాపు దగ్గరి దారని ఒక ఊళ్లోకి తిప్పింది. సిమెంటు రోడ్డు సన్నబడి సన్నబడి ఒక చింతపండు కళ్లంలో ఆగిపోయింది. హిందూపురం చుట్టుపక్కల చింతపండు వ్యాపారం పెద్దది. పదిమంది ఆడవాళ్లు నేలమీద కూర్చుని కాయలు చితక్కొట్టి, పెంకూ, ఈనెలూ తీసి, గింజలు వేరు చేస్తున్నారు. బండి చూడగానే పని ఆపి లేచారు. ఒక ముసలావిడ వెనక సీటు కిటికీలోకి తొంగి చూసి, "పెండ్లికూతురు ఏదప్పా?" అంది. ఎవరూ లేరంటే నిజంగానే నిరాశపడింది. గంపలు జరిపి, బుట్టలు ఎత్తి, "ఇంగా రా, ఇంగా రా" అంటూ మాకు వెనక్కి తిప్పుకునే చోటిచ్చారు. పవర్ లేని స్టీరింగ్ అలా నిలబడి తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి. వచ్చేటప్పుడు కిలో కొత్త చింతపండు కొంటామంటే డబ్బు తీసుకోలేదు. రెండు గుప్పెళ్లు పేపర్లో చుట్టి ఇచ్చారు, "అమ్మేది మా షావుకారు, ఇచ్చేది మేము" అంటూ.

బెంగళూరు ట్రాఫిక్ గురించి కొత్తగా రాసేదేమీ లేదు. జేసీ రోడ్డు చేరేసరికి సాయంత్రం అయిదయింది. మొదటి నాలుగు కొట్లలో లేదన్నారు. అయిదో కొట్లో యజమానికి డెబ్బై దాటి ఉంటాయి, చక్కటి తెలుగు మాట్లాడతాడు. నేను ఫోన్‌లో ఫొటో చూపించబోతే వద్దన్నాడు, బండి దగ్గరికొచ్చి బానెట్ ఎత్తించి, కాలిపోయిన ప్లగ్గుని వేళ్లతో తడిమి, కొట్లోకి వెళ్లి నిచ్చెన వేసుకుని అటక మీంచి ఒక రేకు డబ్బా దించాడు. అందులో గ్రీజు కాగితంలో చుట్టిన రెండు ప్లగ్గులున్నాయి. డబ్బు తీసుకునే ముందు తనే మీటరు పెట్టి రెండూ బాగున్నాయని చూపించాడు. ఒక్కోటి పన్నెండొందలు. మావయ్యగారు ప్రతి కొట్లోనూ బేరమాడే మనిషి. ఇక్కడ మాట్లాడకుండా జేబులోంచి డబ్బు తీశారు. రాత్రి మా పిన్ని కొడుకు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, టార్చి వెలుగులో, పాతది తీసిన రంధ్రంలో మసి గీకి కొత్తది బిగించారు. నన్ను వేలు కూడా పెట్టనివ్వలేదు.

జనవరి 25, ఆదివారం: మైసూరు దారి

కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వదిలేసి పాత మైసూరు రోడ్డునే పోయాం. బిడదిలో తట్టె ఇడ్లీ, పళ్లెమంత వెడల్పు, మీద వెన్న. మద్దూరులో వడ, ఉల్లిపాయ బాగా వేసి, మన గారెలా కాకుండా పల్చగా కరకరలాడుతూ ఉంటుంది. కర్ణాటకలో డీజిల్ ఆంధ్రలోకన్నా లీటరుకి ఆరేడు రూపాయలు తక్కువ కాబట్టి ట్యాంకు అక్కడే నింపుకున్నాం.

శ్రీరంగపట్నం దగ్గర పయణ అనే కార్ల మ్యూజియం ఉంది. ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడేగారు సేకరించిన వాహనాలతో 2023లో తెరిచారు. లోపల బళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. అంత శ్రద్ధగా ఉంచడం చాలా పెద్ద పని, అలాంటివి లేకపోతే ముందు తరాలకి వీటిని చూసే దారే లేదు. మావయ్యగారు మాత్రం ప్రతి బండి కిందా ఒంగి నేల చూస్తూ నడిచారు. ఎక్కడా ఒక్క నూనె చుక్క లేదు. బయటికొచ్చాక మా బండి నిలిపిన చోట రూపాయి బిళ్లంత మరక ఉంది. మావయ్యగారు వేలితో అద్ది వాసన చూసి, గేర్‌బాక్సు ఆయిలని చెప్పి, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

పార్కింగ్‌లో ఒక గైడ్, "సార్, దీన్ని కూడా మాకిచ్చెయ్యండి, బాగా చూసుకుంటాం" అన్నాడు. మాట వరసకి అనలేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. "నేను పోయాక మా అల్లుడుగారిని అడుగు బాబూ" అన్నారు మావయ్యగారు. నేనైతే అప్పుడు కూడా ఇవ్వను.

తిరుగు దారి

మైసూరు నుంచి కర్నూలు మీదుగా వెనక్కి వచ్చాం. తెల్లవారుజామున హీటర్ చుట్ట రోజూ ఎర్రగా వెలిగింది. అనంతపురంలో తుఫాన్ స్టాండు దగ్గర ఆపి, మైసూరు పాక్ డబ్బా ఇస్తే, పెద్దాయన ముందు ఇంజిన్ చప్పుడు విని, తర్వాతే డబ్బా అందుకున్నాడు. డోన్ దాటాక అరవై అయిదు మీద కింద నుంచి గుమ్‌మని మోత మొదలైంది. వేగం తగ్గిస్తే పోతుంది, పెంచితే వస్తుంది. ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు మధ్యలో బేరింగుని పట్టుకునే రబ్బరు బీటలు వారి ఉంటుందని మావయ్యగారి అనుమానం. హైదరాబాద్ దాకా అరవై దాటనివ్వలేదు.

మొత్తం దాదాపు 1,500 కిలోమీటర్లు. లీటరుకి పదకొండున్నర వచ్చింది, డీజిల్‌కి పన్నెండు వేల పైచిలుకు అయింది. ఇంజిన్ ఆయిల్ లీటరు పోశాం. ప్లగ్గులు, రాగితీగ, ఎలక్ట్రీషియన్ కలిపి రెండువేల ఆరొందలు. రెండో ప్లగ్గు డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే బండి జాకీ మీద లేపి చూస్తే మావయ్యగారి అనుమానమే నిజమైంది. రబ్బరు సగం దాకా చిరిగిపోయింది. ఆయన అప్పటికప్పుడే ఆటోనగర్‌లో రబ్బరు అచ్చులు పోసే మనిషికి ఫోన్ చేశారు. పాతది తీసి పంపితే కొలత చూసి చెబుతానన్నాడట. రేపు పొద్దున విజయవాడ బస్సులో మావయ్యగారితో పాటు అది కూడా వెళ్తోంది.